లోతు లేని కుండీలో దానిమ్మ: బోన్సాయ్ వెనుక ఉన్న విజ్ఞానం

నర్సరీలో కొన్న రెండు మూడేళ్ల దానిమ్మ మొక్కను పాలిథిన్ సంచిలోంచి తీసి, చాలామంది నేరుగా పళ్లెం లాంటి బోన్సాయ్ కుండీలోకి మార్చేస్తుంటారు. కొన్ని వారాలు అంతా బాగానే కనిపిస్తుంది. ఆ తర్వాత ఆకులు పసుపు రంగుకు తిరుగుతాయి, చిగుళ్లు వేలాడిపోతాయి. నీళ్లు చాలడం లేదేమోనని మరో రెండు చెంబులు పోస్తారు. మొక్క మరింత త్వరగా చనిపోతుంది. తోటలో కరవును సైతం తట్టుకునే చెట్టు, రోజూ నీళ్లందే కుండీలో ఎందుకు బతకలేకపోతోంది? దీనికి సమాధానం కొంత వృక్షశాస్త్రంలో, కొంత భౌతికశాస్త్రంలో ఉంది. ఆ రెండూ అర్థమైతే, లేత దానిమ్మను దశాబ్దాలపాటు నిలిచే బోన్సాయ్‌గా మలచడం అంత కష్టమేమీ కాదు.

దానిమ్మే ఎందుకు?

దానిమ్మ శాస్త్రీయ నామం ప్యూనికా గ్రనాటమ్. ఇరాన్ నుంచి ఉత్తర భారతం వరకు ఉన్న పొడి కొండ ప్రాంతాలు దీని పుట్టిల్లు. హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, జమ్మూ కొండల్లో 'దారు' అనే అడవి దానిమ్మ ఇప్పటికీ పెరుగుతోంది. దాని గింజలను ఎండబెట్టే వంటల్లో వాడే 'అనార్‌దానా' తయారు చేస్తారు. మహారాష్ట్రలోని సోలాపూర్‌లో దానిమ్మ కోసమే భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన జాతీయ పరిశోధన కేంద్రం పనిచేస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం లాంటి వర్షాభావ ప్రాంతాల రైతులు దానిమ్మ తోటలు వేయడానికి ముఖ్య కారణం, ఈ చెట్టు తక్కువ నీటితో నెట్టుకురాగలగడమే.

బోన్సాయ్ కళాకారులను ఆకర్షించే గుణాలు వేరే ఉన్నాయి. దానిమ్మ ఆకులు సహజంగానే చిన్నవి. ఎంత కత్తిరించినా పాత కాండం నుంచి మళ్లీ చిగురిస్తుంది. వయసు పెరిగేకొద్దీ బెరడు గరుకుబారి, కాండం మెలితిరిగినట్టు కనిపిస్తుంది. జపాన్‌లో దానిమ్మను 'జకురో' అంటారు. కాండం తాడులా మెలితిరిగే రకానికి అక్కడ 'నెజికాన్' అని ప్రత్యేకంగా పేరు కూడా ఉంది. పైగా ఎర్రటి పూలు, కిరీటం లాంటి తొడిమతో ఉండే కాయలు దీనికి అదనపు అందం.

చిన్న చెట్టే కానీ, వేరే జాతి కాదు

బోన్సాయ్ అనేది ఒక ప్రత్యేక మొక్క జాతి అనే అపోహ చాలామందిలో ఉంది. నిజానికి జపనీస్ భాషలో 'బోన్' అంటే పళ్లెం వంటి పాత్ర, 'సాయ్' అంటే నాటడం. కుండీలో అడుగు ఎత్తున ఉన్న దానిమ్మ జన్యువులు, తోటలో పది పన్నెండు అడుగులు పెరిగిన దానిమ్మ జన్యువులు ఒకటే. బోన్సాయ్ నుంచి ఒక కొమ్మ తీసి నేలలో నాటితే అది మామూలు చెట్టులాగే ఎదుగుతుంది. ఇక్కడ ఎదుగుదలను అదుపులో పెట్టేది జన్యువులు కాదు. వేళ్లకు దొరికే చోటు, కత్తెర, నీరు, వెలుతురు.

వేళ్లకు చోటు తగ్గితే మొక్క ఎందుకు చిన్నదవుతుందనే ప్రశ్నపై చాలా పరిశోధన జరిగింది. శాస్త్రవేత్త హెండ్రిక్ పూర్టర్, ఆయన సహచరులు అనేక ప్రయోగాల ఫలితాలను కలిపి విశ్లేషించి 2012లో ప్రచురించారు. కుండీ పరిమాణం రెట్టింపైతే మొక్క జీవ ద్రవ్యరాశి సగటున 43 శాతం పెరుగుతుందని అందులో తేలింది. చిన్న కుండీలో ఎదుగుదల తగ్గడానికి ప్రధాన కారణం, ఆకు వైశాల్యంతో పోల్చినప్పుడు కిరణజన్య సంయోగక్రియ వేగం తగ్గడమేనని వారు గుర్తించారు. అంటే కుండీ గోడలు వేళ్లను మాత్రమే కాదు, ఆకులు చేసే పనిని కూడా నియంత్రిస్తాయి.

దీనికి మినహాయింపుగా చెప్పదగినది 'నానా' అనే రకం. ఇది జన్యుపరంగానే పొట్టిది. నేలలో నాటినా సుమారు మీటరు ఎత్తుకు మించి పెరగదు. ఆకులు, పూలు, కాయలు అన్నీ చిన్నవే. అందుకే దానిమ్మ బోన్సాయ్ మొదలుపెట్టేవారికి ఇది అనువైనది. కాయలు చూడటానికే తప్ప తినడానికి అంత బాగుండవు.

ముందు కాండం, తర్వాతే కుండీ

ఈ పనిలో సాధారణంగా జరిగే పొరపాటు తొందరపాటు. వేలెడు మందం కూడా లేని మొక్కను పళ్లెంలో పెడితే, పదేళ్ల తర్వాత కూడా అది దాదాపు అంతే మందంతో ఉంటుంది. కారణం స్పష్టం. కాండం లావెక్కేది బెరడుకూ కలపకూ మధ్య ఉండే కాంబియం అనే పలుచని పొర వల్ల. ఆ పొరలోని కణాలు విభజన చెందాలంటే ఆకుల నుంచి చక్కెరలు పుష్కలంగా అందాలి. ఆకులు ఎక్కువగా ఉండాలంటే వేళ్లు విస్తరించాలి. కాబట్టి మొదటి మూడు నాలుగేళ్లు లేత దానిమ్మను నేలలో గానీ, పెద్ద కుండీలో గానీ స్వేచ్ఛగా పెరగనివ్వాలి.

మొక్కను విత్తనం నుంచి పెంచవచ్చు. కానీ దానిమ్మలో పరపరాగ సంపర్కం జరుగుతుంది కనుక గింజ మొక్కలు తల్లిచెట్టును పోలి ఉంటాయన్న హామీ లేదు. పెన్సిల్ మందంలో ఉన్న ముదురు కొమ్మను జానెడు పొడవున కత్తిరించి నాటడం సులభమైన పద్ధతి. ఐబీఏ అనే ఆక్సిన్ హార్మోను పొడి లేదా ద్రావణంలో ముంచితే వేళ్లు త్వరగా, ఎక్కువగా వస్తాయి. బొటనవేలు మందం ఉన్న కొమ్మ కావాలంటే గాలి అంటు కట్టుకోవచ్చు. కొమ్మ చుట్టూ అంగుళం వెడల్పున బెరడు వలిచి, తడిపిన నాచు చుట్టి పాలిథిన్ కాగితంతో కడితే, కిందికి దిగాల్సిన చక్కెరలు, ఆక్సిన్ ఆ గాటు పైనే ఆగిపోయి అక్కడ వేళ్లు పుడతాయి.

దానిమ్మ సహజంగా గుబురుగా పెరిగే పొద. మొదలు నుంచి పిలకలు వస్తూనే ఉంటాయి. ఒకే కాండం ఉన్న చెట్టు కావాలంటే వాటిని ఎప్పటికప్పుడు తీసేయాలి. ఇందుకు భిన్నంగా, కాండం కింది భాగంలో ఒకటి రెండు కొమ్మలను మాత్రం కావాలని పొడవుగా వదిలేస్తారు. ఆ కొమ్మకు ఆకులు పెరిగేకొద్దీ వాటికి నీరు చేరవేసే కలప కాండంలో కొత్తగా ఏర్పడుతుంది. దానికి దిగువన కాండం లావెక్కుతుంది. పని పూర్తయ్యాక ఆ కొమ్మను కోసేస్తారు. కింద లావుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండే కాండం ఇలాగే వస్తుంది. చూసేవారికి ముసలి చెట్టన్న భావన కలిగించేది ఆ ఆకారమే.

కొస తుంచితే ఏమవుతుంది?

కొమ్మ చివర ఉన్న మొగ్గ, పక్క మొగ్గలను నిద్రలో ఉంచుతుంది. కొసను తుంచగానే పక్క మొగ్గలు మేల్కొంటాయి. కొస నుంచి దిగువకు ప్రవహించే ఆక్సిన్ దీనికి కారణమని 1930లలో థీమన్, స్కూగ్ ప్రయోగాలతో చూపించారు. 2014లో ఆస్ట్రేలియాకు చెందిన క్రిస్టీన్ బెవరిడ్జ్ బృందం బఠాణీ మొక్కలపై చేసిన పరిశోధన ఈ చిత్రాన్ని కొంత మార్చింది. కొస తుంచిన కొద్ది గంటల్లోనే, ఆక్సిన్ తగ్గుదల ఇంకా చేరని దూరంలో ఉన్న మొగ్గలు కూడా కదలడం వారు గమనించారు. అప్పటిదాకా కొస లాగేసుకుంటున్న చక్కెర ఒక్కసారిగా పక్క మొగ్గలకు అందడమే తొలి సంకేతమని తేల్చారు.

బోన్సాయ్ పెంచేవారికి దీనిలో ఒక పాఠం ఉంది. చక్కెర నిల్వలు ఉన్న ఆరోగ్యకరమైన మొక్కకు కత్తిరింపు మేలు చేస్తుంది. నీరసించిన మొక్కను కత్తిరిస్తే, మేల్కొన్న మొగ్గలకు తిండి ఉండదు. వాడుతున్న మొక్కను బాగుచేద్దామని కొమ్మలన్నీ కోసేయడం అందుకే ప్రమాదం.

కొమ్మలకు వంపులు తెప్పించడానికి అల్యూమినియం తీగ వాడతారు. కొమ్మ మందంలో మూడో వంతు మందం ఉన్న తీగను దాదాపు 45 డిగ్రీల వాలులో చుట్టి, నెమ్మదిగా వంచుతారు. వంచిన స్థితిలోనే కొత్త కలప ఏర్పడటంతో కొన్ని నెలలకు ఆ వంపు నిలిచిపోతుంది. అయితే ముదిరిన దానిమ్మ కొమ్మ పెళుసుగా ఉండి పుటుక్కున విరుగుతుంది. కాబట్టి లేతగా ఉన్నప్పుడే తీగ చుట్టాలి. వర్షాకాలంలో కాండం వేగంగా లావెక్కుతుంది కనుక, తీగ బెరడులోకి దిగకముందే దాన్ని ముక్కలుగా కత్తిరించి తీసేయాలి.

కుండీ అడుగున దాగిన నీరు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. రంధ్రాలున్న కుండీలో నీరు పోస్తే అదనపు నీరంతా కిందికి కారిపోతుందని అనుకుంటాం. నిజానికి అలా జరగదు. అడుగున కొంత ఎత్తు వరకు మట్టి పూర్తిగా నీటితో నిండి ఉండిపోతుంది. మట్టి రేణువుల మధ్య సందులు సన్నని గొట్టాల్లా పనిచేసి, తలతన్యత వల్ల నీటిని గురుత్వాకర్షణకు వ్యతిరేకంగా పట్టి ఉంచుతాయి. ఆ నీటి పొర ఎత్తు సందుల వ్యాసార్థంపై ఆధారపడుతుంది. సందు ఎంత సన్నగా ఉంటే నీరు అంత ఎత్తున నిలుస్తుంది. కుండీ లోతుతో దానికి సంబంధం లేదు.

ఒక సరళమైన లెక్క చూద్దాం. సందుల వ్యాసార్థం అర మిల్లీమీటరు అయితే నీరు సుమారు 3 సెంటీమీటర్ల ఎత్తు వరకు నిలుస్తుంది. 25 సెంటీమీటర్ల లోతున్న కుండీలో ఇది పెద్ద సమస్య కాదు. పైన 22 సెంటీమీటర్ల మేర వేళ్లకు గాలి అందుతుంది. అదే మట్టిని 5 సెంటీమీటర్ల లోతున్న బోన్సాయ్ పళ్లెంలో పోస్తే, సగానికి పైగా ఎప్పుడూ నీటిలో మునిగే ఉంటుంది. ఇక తోటలోని మెత్తటి మట్టి నింపితే, దాని సందులు ఇంకా పది రెట్లు సన్నగా ఉండవచ్చు. అప్పుడు ఆ నీటి పొర కుండీ అంచును కూడా దాటే ఎత్తుకు చేరుతుంది. అంటే కుండీలోని మట్టి మొత్తం తడి ముద్దే. తోటలో ఇలా ఎందుకు జరగదంటే, అక్కడ మట్టి కింద మరింత మట్టి ఉండి నీటిని కిందికి లాగేస్తూ ఉంటుంది. కుండీలో ఆ లాగుడు అడుగుతోనే తెగిపోతుంది.

వేళ్లకు నీటితో పాటు ఆక్సిజన్ కావాలి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు పది వేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. నీట మునిగిన వేళ్లు ఊపిరాడక, శక్తి చాలక నీటిని పీల్చడం మానేస్తాయి. ఆకులు వాడిపోతాయి. అందుకే ఎక్కువ నీటి వల్ల చచ్చిపోతున్న మొక్క, నీళ్లు లేక ఎండిపోతున్న మొక్కలాగే కనిపిస్తుంది. మరింత నీరు పోయడం దాని చావును దగ్గర చేస్తుంది.

అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుందనే నమ్మకం కూడా ఇక్కడే బెడిసికొడుతుంది. మెత్తటి మట్టిలోని నీరు పెద్ద సందులున్న గులకరాళ్లలోకి సులభంగా జారదు. తడి పొర గులకరాళ్ల పైకి జరుగుతుందంతే. అప్పటికే లోతు లేని కుండీలో వేళ్లకు మిగిలే చోటు ఇంకా తగ్గిపోతుంది. దీనికి బదులు ఒక చిన్న ఉపాయం ఉంది. నీళ్లు పోశాక పళ్లేన్ని కొన్ని నిమిషాలు ఒక పక్కకు బాగా వాల్చి ఉంచితే చాలు. వాల్చినప్పుడు మట్టి ఎత్తు పెరుగుతుంది. తడి పొర ఎత్తు మాత్రం మారదు. ఆ తేడా మేరకు నీరు కిందివైపు రంధ్రం నుంచి ధారగా కారడం కళ్లారా చూడవచ్చు.

జల్లెడ పట్టిన మిశ్రమం

కాబట్టి బోన్సాయ్‌కి కావలసింది మట్టి కంటే రేణువుల మిశ్రమం. జపాన్‌లో అకడామా అనే గట్టి బంకమట్టి గుళికలు వాడతారు. మన దగ్గర అది దిగుమతి సరుకు, ఖరీదు ఎక్కువ. దాని పనే చేసే వస్తువులు ఇక్కడ తేలికగా దొరుకుతాయి. ఇటుక ముక్కలను దంచి 2 నుంచి 5 మిల్లీమీటర్ల పరిమాణంలో జల్లెడ పట్టి తీసుకోవచ్చు. ఇటుకలోని సూక్ష్మ రంధ్రాలు నీటిని దాచుకుంటాయి, ముక్కల మధ్య సందులు గాలినిస్తాయి. దానికి ముతక ఇసుక, బాగా మాగిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్టు కలుపుతారు. సేంద్రియ భాగం మూడో వంతుకు మించకపోవడం మంచిది. అన్నిటికంటే ముఖ్యమైనది జల్లెడలోంచి రాలిన మెత్తటి పొడిని పారేయడం. ఆ పొడే సందులను పూడ్చి తడి పొరను పైకి లేపుతుంది.

వేళ్లు కత్తిరించే రోజు

కాండం కావలసినంత లావెక్కాక కుండీ మార్పిడి చేస్తారు. తెలుగు రాష్ట్రాల్లో దీనికి అనువైన సమయం జనవరి చివర, ఫిబ్రవరి నెలలు. అప్పుడే కొత్త చిగుళ్లు మొదలవుతుంటాయి, ఎండలు ముదరడానికి ఇంకా వ్యవధి ఉంటుంది. తొలకరి తర్వాత కూడా చేయవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ ఊసే వద్దు.

మొక్కను తీసి, పుల్లతో మట్టి రాల్చి, వేళ్లను చిక్కు తీయాలి. నేరుగా కిందికి దిగిన లావు వేళ్లను కోసేసి, చుట్టూ పక్కలకు విస్తరించిన వేళ్లను ఉంచాలి. లావు వేళ్ల పని ప్రధానంగా చెట్టును నిలబెట్టడం. నీటిని పీల్చేది కొసల దగ్గరి సన్నని వేళ్లు, వాటి మూలకేశాలు. ఒకేసారి అన్నీ కత్తిరించకుండా, మూడో వంతుతో ఆపి, మిగిలిన పనిని తదుపరి మార్పిడికి వదిలేయడం క్షేమం. దానిమ్మలో ఒక పెద్ద వేరు చచ్చిపోతే, దానికి సరిగ్గా పైన ఉన్న కాండం చార కూడా ఎండిపోవడం తరచూ కనిపిస్తుంది. ఏ వేరు ఏ కొమ్మను పోషిస్తోందో చూసుకుని కోయాలి. వేళ్లు తగ్గినంత మేర ఆకులను కూడా తగ్గిస్తే నీటి రాబడి, ఖర్చు సరిపోతాయి.

కొత్త కుండీలో మొక్క ఊగకుండా అడుగు రంధ్రాల గుండా తీగతో కట్టాలి. గాలికి కాస్త కదిలినా కొత్తగా పుడుతున్న మూలకేశాలు తెగిపోతాయి. తర్వాత రెండు మూడు వారాలు నీడలో ఉంచి, చిగుళ్లు కదిలాకే ఎండలోకి తేవాలి. నెల రోజులు ఎరువు వేయకూడదు. వేళ్లు లేనప్పుడు వేసిన ఎరువులోని లవణాలు మొక్క నుంచే నీటిని బయటకు లాగుతాయి.

ఎండ ఎంత, నీడ ఎంత?

దానిమ్మకు రోజుకు కనీసం ఐదారు గంటల ఎండ కావాలి. ఇంటి లోపల టేబుల్ మీద పెట్టుకునే మొక్క కాదిది. కానీ రాయలసీమ, తెలంగాణ వేసవిలో చెట్టుకు లేని సమస్య కుండీకి ఉంటుంది. నేలలో అడుగు లోతున వేళ్లు చల్లగా ఉంటాయి. పళ్లెంలో మట్టి పరిమాణం తక్కువ, ఎండ తగిలే ఉపరితలం ఎక్కువ. మేడ మీది సిమెంటు వేడి దీనికి తోడైతే వేళ్లు ఉడికిపోతాయి. కుండీని నేలపై కాక బల్లపై ఉంచడం, మధ్యాహ్నం పూట షేడ్‌నెట్ నీడ కల్పించడం, మట్టిపై పలుచగా నాచు లేదా ముతక రేణువులు పరచడం మంచిది. 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 5 లోతు ఉన్న పళ్లెం మొత్తం పరిమాణమే 3 లీటర్లు. అందులో నిలిచే నీరు లీటరు ఉంటే గొప్ప. మే నెలలో రెండు పూటలా నీళ్లు పోయాల్సి రావడంలో వింత లేదు.

పూలు రాలితే కంగారు పడాలా?

దానిమ్మలో రెండు రకాల పూలు ఉంటాయి. అడుగు భాగం ఉబ్బి, చిన్న కూజాలా ఉండేవి ద్విలింగ పుష్పాలు. కాయలయ్యేవి ఇవే. అడుగు సన్నగా గంటలా ఉండేవి మగ పూలుగా పనిచేసి రాలిపోతాయి. కాబట్టి కొన్ని పూలు రాలడం సహజం. పూలు ఎక్కువగా కొత్త రెమ్మల కొసల్లో వస్తాయి కనుక, చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేస్తే ఆ ఏడాది పూలు ఉండవు. ఆకారం కావాలో, పూలు కావాలో ఏటా నిర్ణయించుకోవాలి.

మరో సంగతి. చిన్న కుండీలో కత్తిరింపుల వల్ల ఆకులు చిన్నవవుతాయి కానీ, కాయలు అదే నిష్పత్తిలో చిన్నవి కావు. 'భగువా' వంటి వాణిజ్య రకం కాయ పావుకిలో దాటుతుంది. పెన్సిలంత కొమ్మ ఆ బరువు మోయలేదు, చిన్న చెట్టు అంత చక్కెర ఇవ్వలేదు. లేత చెట్టుకు మొదటి కొన్నేళ్లు పిందెలు తీసేయడం, తర్వాత ఒకటి రెండు కాయలే ఉంచడం మేలు. మట్టి బాగా ఎండాక ఒక్కసారిగా నీరు పోస్తే కాయలు పగులుతాయి. ఇది దానిమ్మ రైతులకు బాగా తెలిసిన విషయమే.

తోటల తెగులు కుండీలోకి రాకుండా

కొన్నేళ్లుగా మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ దానిమ్మ తోటలను క్సాంతోమోనాస్ బ్యాక్టీరియా కలిగించే మచ్చ తెగులు తీవ్రంగా దెబ్బతీసింది. ఆకులపై నూనె మరకల్లాంటి మచ్చలు, కాయలపై పగుళ్లు దీని లక్షణాలు. ఇది ముఖ్యంగా తెగులు సోకిన అంట్లు, కత్తెరలు, వాన చినుకుల ద్వారా వ్యాపిస్తుంది. బోన్సాయ్ కోసం తోట నుంచి కొమ్మలు తెచ్చుకునేవారు మచ్చల్లేని చెట్టు నుంచే తీసుకోవాలి. ఒక మొక్కను కత్తిరించాక కత్తెరను స్పిరిట్‌తో తుడిచి మరో మొక్కను ముట్టుకోవాలి. దగ్గర్లో దానిమ్మ తోటలు ఉన్న ఊళ్లలో ఈ జాగ్రత్త మరీ అవసరం. మేడ మీది ఒక్క కుండీలో అలక్ష్యం చేసిన తెగులు, పక్క రైతు ఏడాది ఆదాయానికి ముప్పు కావచ్చు. కుండీ మార్చేటప్పుడు వేళ్లపై చిన్న ముడుల్లాంటి బుడిపెలు కనిపిస్తే అవి నులిపురుగుల గుర్తు. ఆ పాత మట్టిని మళ్లీ వాడకూడదు.

హింసా, సంరక్షణా?

చెట్టును ఇలా కట్టడి చేయడం క్రూరత్వం కాదా అని కొందరు అడుగుతారు. మొక్కలకు నాడీ వ్యవస్థ లేదు. మనం నొప్పి అనే అనుభూతి వాటికి ఉందనడానికి ఆధారాలు లేవు. గాయానికి అవి స్పందిస్తాయి. మేకలు మేసినప్పుడు, గాలికి కొమ్మలు విరిగినప్పుడు చేసినట్టే కొత్త చిగుళ్లతో బదులిస్తాయి. అమెరికా రాజధాని వాషింగ్టన్‌లోని జాతీయ బోన్సాయ్ మ్యూజియంలో 1625 నుంచి పెంపకంలో ఉన్న ఒక జపాన్ పైన్ చెట్టు ఉంది. 1945లో హిరోషిమాపై అణుబాంబు పడినప్పుడు ఆ నగరంలోనే ఉండి బతికిన ఆ చెట్టును, 1976లో యమాకి కుటుంబం కానుకగా ఇచ్చింది. తరాలు మారినా ఎవరో ఒకరు రోజూ నీళ్లు పోశారు కాబట్టే అది ఇంకా పచ్చగా ఉంది.

అసలైన బాధ్యత అక్కడే ఉంది. తోటలోని దానిమ్మ, యజమాని వారం రోజులు ఊళ్లో లేకపోయినా బతుకుతుంది. పళ్లెంలోని దానిమ్మకు మే నెలలో ఒక్క రోజు మరుపు చాలు. దాన్ని కుండీలో పెట్టాలని నిర్ణయించుకునే ముందు చూసుకోవాల్సింది చెట్టు సిద్ధంగా ఉందా అని మాత్రమే కాదు, రోజూ దాన్ని పలకరించే తీరిక మనకు ఉందా అని కూడా. ఆ తీరిక దొరికేదాకా దానిమ్మను నేలలోనే ఉంచడంలో నష్టమేమీ లేదు. ఈలోగా కాండం మరికాస్త లావెక్కుతుంది.